పన్నెండింటి సైరన్

పుయెర్తో మైతేన్,
12 ఆగస్టు 1998

ఎదెల్మీరా అక్కకు,

ముందు కుర్చీ లాక్కుని కూర్చో. కుట్టుమిషను ఆపు, సూది వేలికి గుచ్చుకుంటే నాది పూచీ కాదు. నీ తమ్ముడు యాభై నాలుగేళ్ళ వయసులో ట్రయథ్లాన్‌కు పేరిచ్చాడు.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు. అక్టోబరు పదకొండు ఆదివారం, మన సరస్సులోనే. ఏడువందల యాభై మీటర్లు ఈత, ఇరవై కిలోమీటర్లు సైకిలు, ఐదు కిలోమీటర్లు పరుగు. వీటిలో చిన్నది ఇదేనట. చలికాలం దాటాక వచ్చే మొదటి పోటీ కూడా ఇదే, అందుకని నీళ్ళింకా వేడెక్కి ఉండవు. ఆ మాటకొస్తే మన సరస్సు ఏ నెలలో వేడెక్కింది? ఒడ్డున పుట్టినవాళ్ళం, మోకాలి పైకి ఎప్పుడైనా దిగామా?

ఇది నా సొంత తెలివి అనుకోకు. మా కొత్త కెప్టెన్ ఉలీసెస్ బర్రీయా తెలివి. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, వాడి పెళ్ళికి ఇంటి పొయ్యి గొట్టం నేనే బిగించి ఇచ్చాను. జూలైలో స్టేషన్‌లో అందరినీ నిలబెట్టి ప్రకటించాడు: యాభై దాటినవాళ్ళు ఇకమీద ఫైరింజను ఎక్కాలంటే ఈ పోటీని రెండు గంటల్లో ముగించాలి. స్టేషన్ మొత్తం మీద యాభై దాటినవాళ్ళు ఎంతమందో నేను లెక్కపెట్టి చూశాను. ఒక్కడు. పేరు నోల్బెర్తో ఓయార్సున్.

ముగించకపోతే గౌరవ సభ్యుణ్ణి చేస్తారు. అంటే ఊరేగింపులో జెండా పట్టుకోవాలి, విందులో ముందు వరుసలో కూర్చోవాలి, సైరన్ మోగితే ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి "ఎక్కడో అంటుకున్నట్టుందే" అనాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్క పెసో జీతం లేకుండా ఎక్కిన బండి అక్కా అది. పగలంతా ఊళ్ళో పొయ్యి గొట్టాలు బిగిస్తాను, అవి అంటుకుంటే వెళ్ళి ఆర్పుతాను. సగం మంటలు నా చేతి చలవేనని నువ్వు ఎన్నిసార్లు ఎగతాళి చేసినా, ఆర్పింది కూడా నేనే కదా.

ఒర్తెన్సియా ఏమంటుందని అడుగుతావు. రొట్టె మీద వెన్న రాస్తూ "ఏ సైజు?" అంది. "దేనికి?" అన్నాను. "ఈత బట్టలకి." మా ఇంట్లో చర్చ అంతటితో ముగిసింది.

మే నెలలో వడ్రంగి షెడ్డు మంటప్పుడు మంచు మీద జారానని రాశాను కదా, ఆ నొప్పి తగ్గింది. కంగారు పడకు.

నీ తమ్ముడు,
నోల్బెర్తో

*

కొపియాపో,
26 ఆగస్టు

ఒరేయ్ నోల్బెర్తో,

కూర్చునే చదివాను. మళ్ళీ లేచి నిలబడి చదివాను. ఎలా చదివినా నువ్వు వెధవ్వే.

నీకు ఏడేళ్ళప్పుడు పడవల రేవు మీంచి నీళ్ళలో పడ్డావు. నాన్న పడవ కొక్కెం నీ నిక్కరుకు తగిలించి పైకి లాగాడు. ఊరంతా చూసింది. అప్పట్నుంచీ నీళ్ళలో నీకూ నీ ఇనప పొయ్యిలకూ తేడా లేదు. ఇప్పుడు ఆ కొక్కెం పట్టుకునే మనిషి కూడా లేడు.

గౌరవ సభ్యుడివైతే ఏం కొంపలు మునుగుతాయిరా? జెండా పట్టుకో. జెండా బరువుగా ఉంటుందనా? ముందు వరుసలో కూర్చుంటే వేడి సూపు ముందు నీకే వస్తుంది. ఆ కెప్టెన్ పిల్లాడికి నీకంటే బుద్ధి ఉంది. నీ మంచికే చెప్పి ఉంటాడు.

నేను సెప్టెంబరు పద్దెనిమిది జాతీయ దినం కవాతుకి స్కూలు బ్యాండు కోట్లు కుడుతున్నాను. నలభై ఆరు కోట్లు, ఒక్కోదానికి తొమ్మిది బొత్తాలు. ఇక్కడా రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫైర్ స్టేషన్ వాళ్ళు సైరన్ వేస్తారు, మన ఊళ్ళోలాగే. అందరూ గడియారాలు సరిచేసుకుంటారు. నేను కిటికీ మూసుకుంటాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఒక జత ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. మోకాళ్ళ దాకా వస్తాయి. పోటీకి కాదు, పోటీ మానేసి పొయ్యి ముందు కూర్చున్నప్పుడు వేసుకోవడానికి.

ఇంకొకటి. మే నెలలో జారావన్నావు. ఏ పక్కకు పడ్డావు? మొదటి ఉత్తరంలో మోకాలన్నావు, ఆ తర్వాత నడుమన్నావు, ఇప్పుడు వట్టి "నొప్పి" అన్నావు.

అక్క

*

పుయెర్తో మైతేన్,
21 సెప్టెంబరు

అక్కకు,

మేజోళ్ళు అందాయి. ఎంత వెచ్చగా ఉన్నాయంటే మా కుక్క కూడా వాటి మీదే పడుకుంటోంది. పోటీకే వేసుకుంటాను, నువ్వేమన్నా సరే.

సాధన గురించి చెబుతాను. సైకిలు ఒర్తెన్సియాది, ముందు బుట్ట ఉంది. బుట్ట తీసేద్దామంటే "కూరగాయలు ఎందులో తేను?" అంది. కాబట్టి బుట్టతోనే. పరుగు సంగతి అడక్కు. తొలిరోజు వంతెన దాకా పరిగెత్తాను, అక్కణ్ణుంచి కట్టెల లారీ ఎక్కి తిరిగొచ్చాను. డ్రైవరు దారి పొడుగునా నా ఆయాసం వింటూ నడిపాడు. దిగేటప్పుడు "దేవుడు నీకు తోడుంటాడు" అన్నాడు.

ఇక ఈత. సాల్మన్ చేపల పెంపకంలో డైవరుగా చేసే చానో తన రబ్బరు సూటు అరువిచ్చాడు. అడుగుకి వెళ్ళి వలలు కుట్టేవాళ్ళ సూటు అది, పరుపంత మందం. వాళ్ళు నడుముకు సీసం గుళ్ళు కట్టుకుని మునుగుతారట. నేను సీసం లేకుండా దిగాను. మునగడం మాట అటుంచి, మొహం నీళ్ళలో పెట్టడానికే వీలు కాలేదు. అటు తోస్తే ఇటు, ఇటు తోస్తే అటు, బల్లకట్టులా తేలాను. ఏడేళ్ళప్పుడు ఇది ఉంటే నాన్నకి కొక్కెం పని తప్పేది. చివరికి వెల్లకిలా పడుకుని చేతులు వెనక్కి వేస్తూ వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఎటు వెళుతున్నానో కనపడదు, కానీ అగ్నిపర్వతం చక్కగా కనపడుతుంది.

పద్దెనిమిదో తేదీ పండగకి మాంసం కూరిన ఎంపనాదాలు మానేద్దామని ఒట్టు వేసుకున్నాను. ఏడు తిన్నాను. ఎనిమిదోది వద్దన్నాను, అది గుర్తుంచుకో.

ఒక చిరాకు సంగతి. ఉలీసెస్‌ని నిలదీశాను, "ఈ రెండు గంటల గొడవ నీ బుర్రలో ఎలా పుట్టిందిరా?" అని. వాడు చాలాసేపు నసిగి, "మీ గురించి ఒకరు ఉత్తరం రాశారు బాబాయ్. మిమ్మల్ని బండి దింపెయ్యమని. ఊరికే దింపడం నాకు మనసొప్పలేదు. అందుకే ఒక అవకాశం పెట్టాను" అన్నాడు. ఎవరని అడిగితే చెప్పడు. ఎవడో నా పొయ్యి గొట్టంలోంచి పొగ సరిగా పోవట్లేదని కడుపుమంటతో రాసి ఉంటాడు. దొరకనీ, వాడి గొట్టం తలకిందులుగా బిగిస్తాను.

పడింది ఎడమ పక్కకు.

నోల్బెర్తో

*

కొపియాపో,
30 సెప్టెంబరు

నోల్బెర్తో,

ఈ ఉత్తరం పోటీ లోపు చేరుతుందో లేదో.

ఆ ఉత్తరం రాసినవాళ్ళు నీ శత్రువులే అయ్యుండాలని లేదు. అంతకంటే ఇప్పుడేమీ రాయను.

నాన్న వెళ్ళిన రోజు నీకు సరిగా గుర్తుండదు, పదకొండేళ్ళవాడివి. చేప సూపు అప్పుడే గిన్నెలో పోశాను. సైరన్ మోగింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "వచ్చి తాగుతాను, మూతపెట్టు" అని లేచాడు. కలప మిల్లు కప్పు ఆయన మీద కూలిన సంగతి సాయంత్రం చెప్పారు. ఆ గిన్నె కడిగింది నేను. మూడు రోజులు మూతపెట్టి ఉంచి, నాలుగో రోజు కడిగాను.

నీకు ఇరవై మూడేళ్ళు రాగానే ఆ స్టేషన్‌లోనే చేరావు. నేను ఆ ఏడే ఉత్తరాదికి, ఈ ఎడారి ఊరికి వచ్చేశాను. కుట్టుపని దొరికిందని అందరికీ చెప్పాను. నువ్వూ నమ్మావు.

నీళ్ళు చల్లగా ఉంటే బయటికి వచ్చెయ్. ఎవరూ ఏమీ అనుకోరు.

అక్క

*

పుయెర్తో మైతేన్,
13 అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం శనివారం అందింది. మడిచి రబ్బరు సూటు లోపల గుండెల మీద పెట్టుకుని దిగాను. ఇప్పుడది పిండి ముద్ద. కానీ కంఠతా వచ్చు.

పోటీ తొమ్మిదికి మొదలు కావాలి. పొగమంచు. ఎదుటి మనిషి కనపడలేదు, ఇక నీళ్ళలో తేలే గుర్తులు ఏం కనపడతాయి? పదకొండింటికి గానీ ఈల వేయలేదు. అంతసేపూ ఒడ్డున నిలబడి వణికాం. గాలి ఐదు డిగ్రీలు, నీళ్ళు పది. సాంతియాగో నుంచి వచ్చిన నాజూకు కుర్రాళ్ళంతా పల్చటి సూట్లలో గెంతుతున్నారు. వాళ్ళ మధ్య నేను సముద్రసింహంలా ఉన్నాను. ఒకమ్మాయి నాతో ఫోటో కూడా దిగింది.

నీళ్ళలో అడుగు పెట్టగానే ఊపిరి బిగుసుకుపోయింది. చేతులు నావి కావు, కాళ్ళు నావి కావు. వెల్లకిలా పడుకుని వెళుతున్నాను. అందరూ ముందుకు పోయారు, నేను పక్కకు పోయాను. పడవలో కాపలా ఉన్న ఆవిడ నా పక్కనే తెడ్డు వేస్తూ, "అయ్యా, పోటీ అటు. ఇటు వెళితే అగ్నిపర్వతం వస్తుంది" అంది. ఇరవై ఏడు నిమిషాల తర్వాత ఇసుక తగిలింది. నా వెనక ఒక బాతు మాత్రమే ఉంది.

సూటు జిప్పు వీపు వెనక. వేళ్ళు మొద్దుబారి, జిప్పుకు కట్టిన తాడు చేతికి చిక్కలేదు. పది నిమిషాలు నా తోకను నేనే పట్టుకోబోయే కుక్కలా గుండ్రంగా తిరిగాను. చివరికి విసిగిపోయి సూటుతోనే సైకిలెక్కాను. తల మీద ఎర్ర టోపీ, కాళ్ళకు నీ మేజోళ్ళు, ముందు కూరగాయల బుట్ట. ఊరి వీధుల్లో నాలుగు చుట్లు తిరగాలి. మొదటి చుట్టుకి జనం నవ్వారు. రెండో చుట్టుకి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, అది నవ్వు కంటే నయమో కాదో చెప్పలేను. పొట్టలో కొంచెం వెచ్చదనం పుట్టింది. ఫర్వాలేదు, లాగించేస్తాను అనుకున్నాను.

అప్పుడు సైరన్ మోగింది.

అక్కా, హ్యాండిల్ నేను తిప్పలేదు. అదే తిరిగింది. నా ముందు మన స్టేషన్ కుర్రాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళు గడియారం చూసుకుని తొక్కుకుంటూ పోయారు. నేను మాత్రం పోటీ దారి పక్కన కట్టిన తాళ్ళ కిందుగా దూరి, సోపైపిల్లాలు వేయించే ఆవిడ బండిని తప్పించుకుని, రెండు వీధులు అడ్డంగా పడి స్టేషన్‌కి చేరాను. రబ్బరు సూటు మీదే కోటు తొడిగాను. హెల్మెట్ పెట్టాను. ఫైరింజను వెనక మెట్టెక్కి కడ్డీ పట్టుకుని, "పదండి!" అని అరిచాను.

ఎవరూ రాలేదు. మూలన కుర్చీలో స్టేషన్ కాపలాదారు సెగుందో మాతే టీ తాగుతున్నాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నోల్బెర్తో, పన్నెండయిందయ్యా" అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు. మంటకి మూడు కూతలు, పన్నెండింటికి ఒక్కటి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొదటి కూతకే తిప్పాను. రెండోదీ మూడోదీ నా బుర్రలో మోగినట్టున్నాయి.

నవ్వుకున్నావా? ఇక్కడిదాకా నవ్వు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకే ఊపిరి అందకుండా పోయింది. మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. సెగుందో వచ్చి జిప్పు లాగి, గుండెల మీద గాలి తగలనిచ్చి, మాతే నోటికి అందించాడు. ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, మే నెలలోనూ అచ్చం ఇలాగే జరిగింది.

నేను మంచు మీద జారలేదు అక్కా. ఎడమ పక్కకూ పడలేదు, కుడి పక్కకూ పడలేదు. వడ్రంగి షెడ్డు లోపల, ఉలీసెస్ వెనక గొట్టం మోస్తూ స్పృహ తప్పి పడిపోయాను. వాడు నీళ్ళ గొట్టం వదిలేసి, నన్ను భుజాల కింద పట్టుకుని బయటికి ఈడ్చాడు. షెడ్డు మొత్తం కాలిపోయింది. నీకు రాయలేదు, ఎందుకంటే రాస్తే నిజమవుతుందని భయపడ్డాను. ఆ పన్నెండింటి సైరన్ నిజం సైరన్ అయ్యుంటే, నేను ఆ బండి మీద వెళ్ళి ఉంటే, మళ్ళీ ఎవరో ఒకరు నా కోసం గొట్టం వదలాల్సి వచ్చేది. ఈసారి వాళ్ళ నెత్తి మీద కప్పు ఉంటే?

తిరిగి సైకిలెక్కాను. ముగించాను. ఎందుకు ముగించానని అడగకు, నీ మేజోళ్ళు తడిసిపోయాయి, ఆగితే ఇంకా చలేస్తుంది. రెండు గంటల నలభై ఒక్క నిమిషం. ముగింపు గీత దగ్గర గాలి నింపి నిలబెట్టే తోరణం మడతపెట్టేస్తున్నారు. నన్ను చూసి మళ్ళీ సగం ఊదారు. దాని కిందుగా వంగుని దాటాను. అందరూ నా తలకేసి చూస్తుంటే చేయి పెట్టి చూసుకున్నాను. హెల్మెట్ తియ్యలేదు. ఐదు కిలోమీటర్లు దాంతోనే పరిగెత్తాను.

ఉలీసెస్ దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. "సైకిలు ఎటు తిప్పారో చూశాను బాబాయ్. నా కాళ్ళు కూడా ఒక అడుగు వేశాయి" అన్నాడు.

"మేలో నువ్వు గొట్టం వదిలేశావు" అన్నాను.

"షెడ్డు పోయింది, మీరున్నారు. రెండు గంటలన్నది నేను పెట్టిన రూలే, కావాలంటే..."

"వద్దురా. రాసెయ్ నా పేరు, ముందు వరుసలో."

చెప్పేశాను గానీ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఒర్తెన్సియా కట్టె వేసి వెళ్ళింది, చూడనట్టు.

నోల్బెర్తో

*

కొపియాపో,
25 అక్టోబరు

నా నోల్బెర్తోకి,

ఆ ఉత్తరం నాది.

ఒర్తెన్సియా మే నెలలోనే నాకు అంతా రాసింది. నువ్వు మోకాలని, నడుమని నాటకాలాడుతుంటే అన్నీ తెలిసే చదివాను. జూన్‌లో మీ కెప్టెన్‌కి రాశాను. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. "మా ఇంట్లో ఒక గిన్నెకి మూత పెట్టాను, రెండో గిన్నెకి పెట్టలేను, మా తమ్ముణ్ణి దింపెయ్యి" అని రాశాను. పోటీ పెడతాడని కలలో కూడా అనుకోలేదు. నిన్ను మంటలోంచి తప్పిస్తానని పది డిగ్రీల నీళ్ళలోకి తోశాను. అక్టోబరు పదకొండున మిషను ముట్టలేదు. వీధిలో ఫోను ఉన్న పక్కింటావిడ గుమ్మం ముందు రోజంతా కూర్చున్నాను, ఫోను వస్తే ముందు నాకే చెబుతారని.

నీకు ప్రాణం లాంటిది నీ చేతిలోంచి లాక్కున్నాను. నీ ముఖం మీద చెప్పే ధైర్యం లేక నీ వెనక నుంచి లాక్కున్నాను. తప్పే. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ రాస్తాను. ఈ రెండూ నిజమేరా, ఏం చెయ్యను?

గొట్టం తలకిందులుగా బిగిస్తానన్నావు. ఈ ఎడారిలో నా ఇంట్లో పొయ్యే లేదు. వేరే శిక్ష ఏదైనా ఆలోచించు.

కోపముంటే జవాబు రాయకు. కోపం లేకపోతే త్వరగా రాయి.

ఎదెల్మీరా

*

పుయెర్తో మైతేన్,
22 నవంబరు

అక్కా,

కోపమొచ్చింది. అందుకే నాలుగు వారాలు పట్టింది. మూడు ఉత్తరాలు రాసి పొయ్యిలో వేశాను. గొట్టం బాగానే లాగింది, నా పనితనం గురించి ఇక మాట్లాడకు.

మొదటి వారం నీ మీద. రెండో వారం ఒర్తెన్సియా మీద. ఆవిడతో మాట్లాడకుండా ఉందామనుకున్నాను, కానీ సూపు కావాలంటే నోరు తెరవాల్సిందే. మూడో వారం ఉలీసెస్‌ని పట్టుకుని ఆ ఉత్తరం చూపించమన్నాను. చూపించాడు. గిన్నె మాట చదివాను. నాన్న గిన్నె ఎవరు కడిగారని నలభై మూడేళ్ళలో నేనొక్కసారి కూడా నిన్ను అడగలేదు. ఆ తర్వాత నా కోపానికి ఆనుకోవడానికి ఏమీ దొరకలేదు.

డాక్టరుకి చూపించుకున్నాను. పొగ పడదట. ఇక మంటల్లోకి పోతే తన దగ్గరికి రావద్దన్నాడు. సైకిలు తొక్కొచ్చా అంటే తొక్కమన్నాడు. ఈతా అంటే నా పొట్టకేసి చూసి, "మునుగుతారా?" అన్నాడు. "మునగడానికి వీల్లేదు డాక్టర్, ప్రయత్నించాను" అన్నాను.

గౌరవ సభ్యుణ్ణి చేశారు. పతకం పెట్టారు, ముందు వరుసలో కూర్చున్నాను. నిజమే, సూపు ముందు నాకే వచ్చింది. చల్లారిపోయే దాకా తాగలేకపోయాను. అప్పుడు సెగుందో పక్కకు వచ్చి తన మోకాళ్ళ గోడు మొదలుపెట్టాడు. సైరన్ మీట మేడ మీద గదిలో ఉంటుంది, రోజూ పన్నెండింటికి మెట్లెక్కడం తన వల్ల కావట్లేదట. "నీకు పన్నెండు అంటే అంత ఇష్టం కదా, నువ్వే వెయ్యి" అన్నాడు. విందులో అందరూ బల్లలు చరిచి నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడే వెళ్ళి వేశాను.

ఇప్పుడు ఊళ్ళో పన్నెండంటే నేనే అక్కా. పదకొండూ యాభైకి పని ఆపి స్టేషన్‌కి వెళతాను. మీట నొక్కుతాను, ఒకే కూత. నొక్కింది నేనే, అది మంట కాదని నాకు తెలుసు. అయినా రోజూ నా కాళ్ళు తలుపు వైపు రెండు అడుగులు వేస్తాయి. సెగుందో కింద కూర్చుని మెట్ల చప్పుడు వింటుంటాడు. "ఇవ్వాళ రెండే" అని అరుస్తాడు. నిన్న ఒక్కటే వేశాను.

శిక్ష ఆలోచించమన్నావు. ఆలోచించాను. రేపట్నుంచి పన్నెండింటికి కిటికీ తెరిచి ఉంచు. మీ ఊళ్ళో కూడా నాలాంటి ముసలాడెవడో మెట్లెక్కి వేస్తుంటాడు. ఒక్కటే కూత విను. అది ఎవరినీ ఎక్కడికీ పిలవడం లేదు, ఇవ్వాళ ఊరు బాగానే ఉందని చెబుతోంది, అంతే.

మేజోళ్ళు కుక్క కొరికేసింది. ఇంకో జత కావాలి, వచ్చే అక్టోబరు లోపు. అవును, మళ్ళీ పేరిచ్చాను. ఈసారి పొగమంచున్నా లేకున్నా తొమ్మిదికే మొదలుపెట్టమని ఉలీసెస్‌కి గట్టిగా చెప్పాను. స్టేషన్‌లో కూర్చున్న ఆ ఇరవై నిమిషాలు తీసేస్తే, బాతు అడ్డం రాకపోతే, పదకొండూ ఇరవైకల్లా ముగించేస్తాను. ఆలస్యం చెయ్యడానికి లేదు. పన్నెండింటికి నాకు డ్యూటీ ఉంది.

నీ తమ్ముడు,
నోల్బెర్తో